మెరైన్ డ్రైవ్ పాత బిల్డింగుల్లో కాపురం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముంబైలో ఉద్యోగం వచ్చి, ఆఫీసు నారీమన్ పాయింట్‌లోనో ఫోర్ట్‌లోనో పడితే మనవాళ్ళు ఒక సాయంత్రం మెరైన్ డ్రైవ్ మీద నడుస్తారు. ఆ గుండ్రటి బాల్కనీలు, ఎదురుగా సముద్రం చూసి ఇక్కడే ఒక ఇల్లు దొరికితే ఎంత బాగుండు అనుకుంటారు. మర్నాడు నాకు ఫోన్ వస్తుంది. మేము గుంటూరు నుంచి వచ్చి పద్నాలుగేళ్ళయింది. మొదటి ఐదేళ్ళు ఓవల్ మైదానం పక్కన అద్దెకున్నాం. తర్వాత హైదరాబాద్‌లో ఉన్న ఇల్లు అమ్మి, పైన లోన్ తీసుకుని, చర్చ్‌గేట్ దగ్గర వెనక వరుసలో చిన్న ఫ్లాట్ కొన్నాం. మూడేళ్ళు సొసైటీ సెక్రటరీగా కూడా చేశాను. అడిగిన ప్రశ్నలే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఈ బిల్డింగులు ఎంత పాతవి? వీటికి అంత పేరెందుకు?

ఇది సముద్రాన్ని పూడ్చి తీసిన నేల. బ్యాక్‌బే పూడ్చే పథకంలో భాగంగా 1915 డిసెంబర్‌లో ఇక్కడ సముద్రపు గోడకు పునాది పడింది. ఆ నేల మీద 1930ల్లో, 40ల్లో వరసగా ఇళ్ళు లేచాయి. అప్పటికి సిమెంటు కాంక్రీటు, ఇనుప చువ్వలతో కట్టడం కొత్త. డబ్బున్నవాళ్ళకు బంగళా, కూలివాళ్ళకు చాల్ (ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే వరస ఇళ్ళు) అనే ఊళ్ళో, ఒక అంతస్తులో రెండు మూడు కుటుంబాలు దర్జాగా ఉండే ఫ్లాట్ అనే పద్ధతి ఈ బిల్డింగులతోనే బాగా పాతుకుంది. ఈ శైలిని ఆర్ట్ డెకో అంటారు. ఓడ రెయిలింగుల్లాంటి బాల్కనీ కమ్మీలు, గుండ్రటి కిటికీలు, ఎండకూ వానకూ అడ్డంగా కనుబొమల్లా సాగిన చజ్జాలు, గేటు మీద ప్రత్యేకమైన అక్షరాల్లో బిల్డింగు పేరు, మెట్ల దగ్గర రంగు రంగుల మొజాయిక్ గచ్చు దీని గుర్తులు. మూల మీద పసుపు రంగులో కనిపించే సూనా మహల్ 1937 నాటిది, దాన్ని గీసింది ఆర్కిటెక్ట్ జి.బి. మ్హాత్రే. చర్చ్‌గేట్ స్టేషన్ ఎదురుగా ఉన్న ఈరోస్ సినిమా 1938లో తెరిచారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఈ నగరం కట్టిన కూలీల్లో మనవాళ్ళు ఉన్నారు. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతాల నుంచి వలస వచ్చిన కామాటీలనే కూలీల పేరు మీదే కామాటిపురా పేట వచ్చింది. ఆ పేరును జనం రెడ్ లైట్ ఏరియా అన్న అర్థంతోనే పలుకుతుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

"ఓనర్‌షిప్", "పగ్డీ" అని బ్రోకర్లు అంటారు. తేడా ఏమిటి?

అన్నిటికంటే ముందు తెలుసుకోవాల్సింది ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

ఓనర్‌షిప్ అంటే సాధారణంగా బిల్డింగుకి సహకార హౌసింగ్ సొసైటీ ఉంటుంది, మీరు అందులో సభ్యులని, ఫ్లాట్ మీదని చూపే షేర్ సర్టిఫికెట్ మీ పేరు మీద ఉంటుంది. పగ్డీ అలా కాదు. అందులో బిల్డింగు ఒక యజమానిదో, కుటుంబానిదో, ట్రస్టుదో. మీరు పెద్ద మొత్తం కట్టి అద్దెదారు హక్కు కొనుక్కుంటారు, ఆ తర్వాత నెల నెలా నామమాత్రపు అద్దె కడతారు. 1947 నాటి బాంబే అద్దె చట్టం అద్దెలను 1940 నాటి స్థాయికి కట్టేసింది. దాంతో సముద్రం ఎదురుగా ఉన్న పెద్ద ఫ్లాట్‌కి కూడా వందల్లో అద్దె కట్టే కుటుంబాలు నిలిచిపోయాయి. ఆ చట్టం స్థానంలో 1999 చట్టం వచ్చి, 2000 మార్చి 31 నుంచి అమలైంది. ఏడాదికి 4 శాతం పెంచుకోవడానికి వీలిచ్చింది, పగ్డీ లావాదేవీని చట్టబద్ధం చేసింది. మీరు హక్కు అమ్ముకోవాలంటే యజమాని ఒప్పుకోవాలి, వచ్చిన డబ్బులో ఆయనకు వాటా ఇవ్వాలి. నేల మీద మీకేమీ ఉండదు. బ్యాంకులు కూడా దీని మీద లోన్ ఇవ్వడానికి సాధారణంగా ముందుకు రావు.

మేము కొనడానికి తిరుగుతున్నప్పుడు ఒక బ్రోకర్ మూడో అంతస్తులో ఫ్లాట్ చూపించాడు. ధర అందరూ చెప్పేదానికంటే బాగా తక్కువ. "ఓనర్‌షిప్ లాంటిదే మేడమ్" అన్నాడు. ఆ "లాంటిదే" దగ్గర ఆగి షేర్ సర్టిఫికెట్ చూపించమన్నాను. తర్వాత పంపిస్తానన్నాడు. వారం తర్వాత వచ్చింది మాత్రం అద్దె రసీదు! అడ్వాన్స్ ఇవ్వడానికి మావారు చెక్కు రాసి పెట్టుకున్నారు. ఆ చెక్కు ఇప్పటికీ బీరువాలోనే ఉంది.

పగ్డీ తీసుకుని ముప్పై ఏళ్ళుగా నిశ్చింతగా ఉంటున్నవాళ్ళు మా వీధిలో ఉన్నారు. కాబట్టి అది మోసమని అనను. ఏం కొంటున్నారో తెలిసి కొనండి, ఆస్తి లావాదేవీలు చూసే లాయర్‌కి కాగితాలు చూపించకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు.

కొనలేం, అద్దెకు కావాలి. ఎలా?

ఇప్పుడు కొత్తగా ఇచ్చేదంతా లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం మీదే, అంటే గడువు వరకు ఉండటానికి అనుమతి మాత్రమే, పగ్డీలోలా అద్దెదారు హక్కు రాదు. చాలావరకు పదకొండు నెలలు, లేదా రెండు మూడేళ్ళు రాస్తారు. మన దగ్గర పదకొండు నెలల అగ్రిమెంట్‌కి రిజిస్ట్రేషన్ ఎందుకులే అంటారు కదా, ఇక్కడ అలా కుదరదు. మహారాష్ట్రలో ఎంత చిన్న గడువైనా రిజిస్టర్ చేయాల్సిందే, చేయించే బాధ్యత యజమానిది. ఇప్పుడు ఇంట్లో కూర్చునే వేలిముద్రతో చేసేస్తున్నారు. పోలీసులకు అద్దెదారు వివరాలు ఇవ్వడం కూడా మరిచిపోవద్దు. అద్దెలు నెలకు లక్షల్లోనే ఉంటాయి, డిపాజిట్ కొన్ని నెలల అద్దెకు సమానం. సొసైటీ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం (ఎన్.ఓ.సి.) రాకముందే సామాను దింపకండి.

చేపలు, మాంసం వండుకోవచ్చా?

ఈ ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. పడొద్దు, ముందే అడగండి. దక్షిణ ముంబైలో కొన్ని బిల్డింగుల్లో శాకాహారులకే అద్దెకిస్తారు. ఒప్పందంలో ఆ మాట రాయరు, బ్రోకర్ నోటితో చెబుతాడు. మేము మొదట చూసిన రెండు ఫ్లాట్లు అలాగే పోయాయి. మీ పేరు, ఊరు విన్నాక ఏం తింటారని అడిగినప్పుడు ఎవరికైనా బాధే. ఇది తప్పని నేను కమిటీ మీటింగులో కూడా చెప్పాను. ఇంట్లో ఏం వండుకుంటారన్నది పక్కింటివాళ్ళు తేల్చే విషయం కాదు. మా బిల్డింగులో పార్సీలు, గుజరాతీలు, సింధీలు, మేము, ఒక గోవా కుటుంబం ఉన్నాం. ఆదివారం మెట్ల మీద నాలుగు రకాల పోపు వాసనలు కలుస్తాయి.

సొసైటీకి నెలకు ఏమేం కట్టాలి?

ఆస్తి పన్ను, మీ ఇంట్లో కుళాయిలను బట్టి నీళ్ళ చార్జీ, లిఫ్టు, వాచ్‌మన్, శుభ్రత, రిపేర్ ఫండ్, ముందుముందు పెద్ద పనులకు దాచే సింకింగ్ ఫండ్ అన్నీ కలిపి ఒక బిల్లు వస్తుంది. ఫ్లాట్ పెద్దదైనా చిన్నదైనా సర్వీస్ చార్జీ అందరికీ సమానం. దీని మీద ప్రతి జనరల్ బాడీలో గొడవ జరుగుతుంది. మీరు ఉండకుండా మీ ఫ్లాట్ అద్దెకిస్తే నాన్ ఆక్యుపెన్సీ చార్జీ అదనం. అది సర్వీస్ చార్జీలో 10 శాతం మించకూడదు. అలాగే ఫ్లాట్ చేతులు మారినప్పుడు సొసైటీ తీసుకునే ట్రాన్స్‌ఫర్ ప్రీమియం 25,000 రూపాయలు దాటకూడదు. "బిల్డింగు ఫండ్‌కి విరాళం" అని అంతకుమించి అడిగితే రాతపూర్వకంగా అడగమని చెప్పండి. చాలాసార్లు ఆ మాటతోనే ఆగిపోతుంది.

ఉప్పుగాలి వల్ల నిజంగా అంత నష్టమా?

నిజమే. ఇక్కడి కాపురంలో సగం శ్రమ దీనికే పోతుంది.

మా వంటింటి బాల్కనీ చజ్జా కింద ఒక ఏడాది టీ మరకలాంటి చార కనిపించింది. రంగు వేయిస్తే పోతుందనుకున్నాను. మరుసటి వానాకాలానికి ఆ చార వెంబడి వెంట్రుక మందం పగులు వచ్చింది. దీపావళి ముందు ఒక రోజు చీపురు కర్రతో తట్టి చూశాను. డొల్ల శబ్దం వచ్చింది, అరచేతి వెడల్పు పెచ్చు ఊడి చేతిలో పడింది. లోపల చువ్వ కనిపించింది. చిటికెన వేలంత ఉండాల్సింది పొరలు పొరలుగా, పాత పుస్తకంలా విచ్చుకుని ఉంది. ఉప్పు తేమ కాంక్రీటు లోపలికి చేరితే ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, తన చుట్టూ ఉన్న కాంక్రీటును తనే పగలగొడుతుంది. బయటికి కనపడేసరికి లోపల పని చాలా వరకు అయిపోయి ఉంటుంది. ఆ పెచ్చు కింద నడిచే మనిషి మీద పడి ఉంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి మరక కనపడగానే సొసైటీకి కాగితం మీద రాసివ్వండి. ముప్పై ఏళ్ళు దాటిన బిల్డింగుకి సొసైటీ మూడేళ్ళకోసారి స్ట్రక్చరల్ ఆడిట్, అంటే ఇంజినీర్‌తో బిల్డింగు గట్టితనం పరీక్ష, చేయించాలని సొసైటీ నియమాలు (బైలాస్) చెబుతాయి. కొనేముందు ఆఖరి ఆడిట్ రిపోర్ట్ అడగండి. దాంట్లో సి1 అని ఉంటే బిల్డింగు ఖాళీ చేయాల్సినంత ప్రమాదంలో ఉందని అర్థం. సి2 అయితే రిపేర్లు ఏ మేరకు కావాలో చదవండి. "రిపోర్ట్ ఉంది కానీ ఇప్పుడు దొరకట్లేదు" అంటే అక్కడితో ఆగిపోవడం మంచిది.

రిపేర్ మంచిగా చేయాలంటే చువ్వలు బయటికొచ్చేదాకా చెక్కి, తుప్పు రుద్ది, పోయిన చువ్వలకు కొత్తవి కలిపి, ఆ తర్వాతే మళ్ళీ కప్పాలి. మా బిల్డింగుకి మొదట వచ్చిన కాంట్రాక్టర్ పైపైన సిమెంటు పూసి రంగు కొట్టేశాడు. చూడ్డానికి పెళ్ళివారిల్లులా ఉంది. రెండు వానలకు మొత్తం ఉబ్బి వచ్చింది, అందరం మళ్ళీ లక్షలు వేసుకున్నాం. రెండోసారి నేను వెదురు పరంజా ఎక్కి, మూసేముందు ప్రతి బాల్కనీకి ఫొటో తీశాను. సెక్రటరీగా నేను చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఇంట్లో కూడా జాగ్రత్తలు కావాలి. ఏసీ బయటి యూనిట్ మన ఊళ్ళో ఉన్నన్నేళ్ళు ఇక్కడ బతకదు. ఇత్తడి, స్టీలు బిగింపులు వాడండి, మామూలు ఇనుప మేకులొద్దు. పట్టుచీరలు వానాకాలం ముందే మూటకట్టి లోపలి గదిలో పెట్టండి.

బాల్కనీ మూసి గది చేసుకోవచ్చా? కిటికీలు మార్చొచ్చా?

చేయకండి. పాత ఫొటోల్లో ఈ వీధులు చూస్తే ఓడలు బారులు తీరినట్టుంటాయి. ఇప్పుడు సగం బాల్కనీలు అల్యూమినియం అద్దాలతో మూసుకుపోయాయి. మెరైన్ డ్రైవ్ వారసత్వ ప్రాంతం. నగరంలో వారసత్వ నిబంధనలు 1995 నుంచి ఉన్నాయి. బయటి రూపం మార్చాలంటే బి.ఎం.సి. (ముంబై మున్సిపల్ కార్పొరేషన్) అనుమతి, అవసరమైన చోట హెరిటేజ్ కమిటీ అనుమతి కావాలి. లోపల వంటగట్టు, బాత్రూమ్ మార్చుకోవడానికి సొసైటీకి చెబితే చాలావరకు సరిపోతుంది, కానీ గోడ ముట్టుకునేముందు ఇంజినీర్‌ని పిలవండి.

పాత టేకు కిటికీ పాడైతే పారేయకుండా బాగుచేయించండి. మా హాలు కిటికీ కింది చట్రం ఒక్కటే పుచ్చిపోయింది. గిర్‌గావ్ నుంచి వచ్చిన వడ్రంగి ఆ ముక్క మాత్రం కోసి, పాత టేకుతోనే అతికించాడు. మూడు రోజుల పని. కొత్త అల్యూమినియం కిటికీ కంటే చవగ్గా అయింది, గాలివానకు ఒక్క చుక్క రాలేదు.

యునెస్కో గుర్తింపు వల్ల మనకేమైనా వస్తుందా?

2018లో ఓవల్ మైదానానికి ఒకవైపున్న గోథిక్ కట్టడాలను, మరోవైపు ఆర్ట్ డెకో ఇళ్ళను, మెరైన్ డ్రైవ్ ముందు వరుసను కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మొత్తం 94 కట్టడాలు. దాంతో రిపేర్ బిల్లు ఎవరో కట్టేస్తారని ఆశపెట్టుకోవద్దు, అది మనమే కట్టాలి. అయినా ఆ గుర్తింపు కోసం ఇక్కడి కుటుంబాలు కూడా ఏళ్ళ తరబడి కష్టపడ్డాయి. మా పాత బిల్డింగు ఆ జాబితాలో ఉందని తెలిసిన రోజు, ఎనభై దాటిన పార్సీ ఆంటీ మెట్ల రెయిలింగు మీది ఇత్తడిని తనే కూర్చుని చింతపండుతో తోమింది.

జల్లి తలుపుల లిఫ్టులు భద్రమేనా? అమ్మానాన్నలు వస్తే?

రెండు జల్లి తలుపులూ మూస్తేనే కదులుతుంది, మూయకుండా ఎవరైనా దిగిపోతే పై అంతస్తులో నిలబడి అరవాల్సిందే. నిర్వహణ సరిగ్గా ఉంటే భయం లేదు. చిన్నపిల్లల వేళ్ళు మాత్రం చూసుకోండి. చాలా బిల్డింగుల్లో గేటు నుంచి లిఫ్టు దాకా నాలుగైదు మెట్లుంటాయి. మా అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి, ఆ నాలుగు మెట్ల దగ్గరే ఇబ్బంది. ఒక పక్క చేపట్టుకునే కమ్మీ వేయించాం.

కొన్నిచోట్ల పనివాళ్ళు వెనకనున్న ఇనుప మెట్లే వాడాలన్న పాత అలవాటు ఇంకా ఉంది. అరవై ఏళ్ళ బాయి (పనామె) బకెట్‌తో నాలుగంతస్తులు ఎక్కుతుంటే చూస్తూ ఊరుకోలేం. మా దగ్గర ఆ నియమం తీసేయించాం. మీరు చేరే బిల్డింగులో ఉంటే మీరూ అడగండి.

నీళ్ళు, కరెంటు సంగతి?

కరెంటు బెస్ట్ సంస్థది. పోవడం అరుదు, మాకు ఇన్వర్టర్ లేదు. 2020 అక్టోబర్ 12న ఊరంతా కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి ఎక్కడుందో మాకెవరికీ తెలియలేదు. మున్సిపల్ నీళ్ళు రోజుకు కొన్ని గంటలే వస్తాయి, సంపులో నింపి పై ట్యాంకుకి ఎక్కిస్తారు. పాత ఇనుప పైపులు లోపల తుప్పుతో సన్నబడతాయి. అందుకే ఫ్లాట్ చూసేటప్పుడు వంటింట్లో, బాత్రూమ్‌లో కుళాయిలు ఒకేసారి తిప్పి చూడండి.

వానాకాలంలో అలలు ఇంట్లోకి వస్తాయా?

ఇంట్లోకి రావు. నాలుగున్నర మీటర్లకు మించి పోటు ఉన్న రోజుల్లో పిట్టగోడ దాటి రోడ్డు మీద పడతాయి. ఆ రోజుల జాబితా బి.ఎం.సి. ముందే ప్రకటిస్తుంది, మేము ఫ్రిజ్ తలుపుకి అంటించుకుంటాం. ముందు వరుసవాళ్ళకు కిటికీ అద్దాల మీద ఉప్పు పొర కడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బట్టలు ఆరవు.

కారు ఎక్కడ పెట్టాలి?

కారు లేకపోవడమే హాయి. ఈ బిల్డింగులు కట్టినప్పుడు ఇంటికో కారు ఎవరూ ఊహించలేదు. కొద్దిపాటి గ్యారేజీలకు దశాబ్దాల వరుస ఉంటుంది. చర్చ్‌గేట్ లోకల్ ఉంది, 2025 అక్టోబర్ నుంచి భూగర్భ మెట్రో కూడా చర్చ్‌గేట్ మీదుగా కఫ్ పరేడ్ దాకా నడుస్తోంది. 2024లో కోస్టల్ రోడ్డు తెరిచాక వర్లీ ఎంతో దగ్గరైంది, కానీ ఆ కార్లన్నీ మా ముందుకే వచ్చి దిగుతున్నాయి.

క్రికెట్ మ్యాచ్‌లు, జనం, శబ్దం తట్టుకోగలమా?

వాంఖెడే స్టేడియం పక్కనే కాబట్టి ఐపీఎల్ రోజుల్లో సిక్స్ కొడితే టీవీలో కనపడేలోపే కిటికీలోంచి వినిపిస్తుంది. 2024 జూలై 4న ప్రపంచకప్ గెలిచిన జట్టు బస్సులో వచ్చిన సాయంత్రం మా వీధి చివర నుంచి ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయాం. మర్నాడు పొద్దున్న వాకింగ్‌కి వెళితే రోడ్డంతా జనం వదిలేసిపోయిన చెప్పులు, బూట్లు. జనవరిలో మారథాన్, అనంత చతుర్దశికి చౌపాటీ బీచ్‌లో వినాయక నిమజ్జనం. ఈ రోజుల్లో మందులు, పాలు ముందే తెచ్చిపెట్టుకోవాలి. ఇంట్లో రోగి ఉంటే అంబులెన్స్ ఏ అడ్డరోడ్డు నుంచి రాగలదో వాచ్‌మన్‌కి కూడా తెలిసి ఉండాలి. జనం వచ్చారని విసుక్కునేవాళ్ళను చూస్తే నాకు నచ్చదు. ఒక్క గదిలో ఆరుగురు ఉండే కుటుంబాలు గాలి పీల్చుకోవడానికి ఈ గోడ మీదికే వస్తాయి. సముద్రం వాళ్ళది కూడా.

మన సరుకులు దొరుకుతాయా?

మాటుంగాకి వెళ్ళండి. కరివేపాకు, మునక్కాయ, ఫిల్టర్ కాఫీ పొడి, అప్పడాలు అన్నీ ఉంటాయి. గోంగూరను ఇక్కడ అంబాడీ అని అడగాలి. నేను మొదటి రెండేళ్ళు గోంగూర దొరకదని బెంగపెట్టుకున్నాను, మా వీధిలో కూరగాయలమ్మే తాయి (అక్క) దగ్గరే రోజూ ఉండేది! తెలుగువాళ్ళ సభలు, పండగలకు దాదర్‌లో ఆంధ్ర మహాసభ ఉంది. ఊరికి వెళ్ళాలంటే సి.ఎస్.ఎం.టి. స్టేషన్ (పాత వి.టి.) నుంచి హుస్సేన్‌సాగర్, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కొచ్చు.

ఫ్లాట్ చూడ్డానికి ఎప్పుడు వెళితే మంచిది?

బ్రోకర్ మిమ్మల్ని డిసెంబర్ సాయంత్రం, పొద్దు గుంకేవేళ తీసుకెళతాడు. ఆ వెలుగులో ఏ ఇల్లయినా నచ్చేస్తుంది. మీరు జూలైలో, రెండు రోజులు ఆగకుండా వాన పడ్డాక, పగటిపూట వెళ్ళండి. టార్చి తీసుకెళ్ళండి. పై అంతస్తు అయితే సీలింగు మూలలు, బాత్రూమ్ వెనక గోడ, బాల్కనీ అడుగుభాగం చూడండి, చెక్కతో తట్టి వినండి. లిఫ్టులో ఎక్కి మెట్ల మీదుగా దిగండి. దారిలో ఎవరైనా ఎదురైతే నమస్కారం పెట్టి, కిందటి వానాకాలం ఎలా గడిచిందని అడగండి. తలుపు తీసి కూర్చోమంటే కూర్చోండి, వాళ్ళు చెప్పేది ఏ బ్రోకరూ చెప్పడు.